పన్నెండు దాటాక ఏడు నిమిషాలు

గడియారమ్మను పోయినవారం ఎక్కడ వదిలామో గుర్తుందిగా. గురువారం సాయంత్రం సమాఖ్య భవనం మూడో అంతస్తులో, సంచీ భుజానికి తగిలించుకుని ఇంటికి బయల్దేరిన మనిషి, ఫోనులో అక్క గొంతు వినగానే మళ్లీ కుర్చీలో కూలబడింది. "రేపు సాయంత్రం అయిదింటికి నన్ను తీసుకెళ్తారటే. పోలీసాయన మంచివాడు, బట్టలు సర్దుకోమని ముందే చెప్పి వెళ్లాడు," అని అక్క పక్క ఊరి ప్రయాణం సంగతి చెప్పినంత తాపీగా చెప్పింది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. పన్నెండు రాజ్యాలు కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడి నలభై ఏళ్లయింది. ఎన్నికలు సక్రమంగా జరుపుతామని, పత్రికల జోలికి వెళ్లబోమని, జడ్జీలను కదిలించబోమని చేరేటప్పుడు అందరూ సంతకాలు పెట్టారు. చేరడానికి సవాలక్ష పరీక్షలు పెట్టిన పెద్దలు, చేరాక ఎవరైనా మాట తప్పితే ఏం చెయ్యాలన్నది మాత్రం, పెళ్లి పందిట్లో విడాకుల మాటెందుకన్నట్టు ఒక్క పేరాతో సరిపెట్టేశారు. తప్పు చేసిన రాజ్యానికి మండలిలో ఓటు తీసెయ్యొచ్చు, ఆ తప్పుతో చేసిన నియామకాలు ఇక మిగిలిన రాజ్యాల్లో చెల్లవు. తప్పు చేసిన రాజ్యం కాదన్నా లెక్కలోకి రాదు, కాకపోతే మిగిలిన పదకొండూ ఒక్క మాట మీద నిలబడాలి.

ఆ పదకొండులో ఒకటి ఎప్పుడూ నిలబడలేదు. గడియారమ్మ పుట్టిన రాజ్యాన్ని ఏలుతున్న పెద్దాయన పత్రికలు మూయించాడు, ఎన్నికల సంఘంలో తన బావమరిదిని కూర్చోబెట్టాడు, చివరికి యాభై అయిదు దాటిన జడ్జీలందరినీ ఒక్క సంతకంతో ఇళ్లకు పంపేసి కొత్త జడ్జీలను పెట్టుకున్నాడు. ఇంకో రాజ్యంలో ఉన్న చిన్నాయన కూడా అదే తాను ముక్క. ఇవాళ ఆయన్ని నేను కాస్తే రేపు నన్ను ఆయన కాస్తాడన్నది ఆయన ఎత్తు. అందుకే పెద్దాయన ఓటు సంగతి మండలిలోకి వచ్చిన నాలుగుసార్లూ చిన్నాయన రాయబారి చెయ్యెత్తి "అభ్యంతరం" అన్నాడు. పాపం, అదే ఆయనకు పేరైపోయింది. అభ్యంతరం గారని కాకుండా అసలు పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడేమో.

అక్క ఆ రాజ్యపు అత్యున్నత న్యాయస్థానంలో సీనియర్ జడ్జి. ఇంటికి పొమ్మంటే మిగిలిన నలుగురూ మారుమాట్లాడకుండా పోయారు. ఈవిడ పోనంది. గదికి తాళం వేస్తే వరండాలో కుర్చీ వేసుకుని పందొమ్మిది రోజులుగా కేసులు వింటోంది. తీర్పు చెప్పినా అమలు చేసే నాథుడు లేడు, అయినా జనం వస్తున్నారు, ఆవిడ వింటోంది. పెద్దాయనకు మండింది. దాని ఫలితమే శుక్రవారం సాయంత్రం అయిదు.

ఇక మౌనపు కాగితం సంగతి. సెలవుల జాబితా, కార్లు నిలిపే చోటు, గోడలకు రంగు లాంటి చిల్లర పనుల కోసం మండలిని సమావేశపరచరు. ప్రతిపాదనను అన్ని రాయబార కార్యాలయాలకూ పంపుతారు. ఫలానా రోజు మధ్యాహ్నం పన్నెండులోగా ఎవరూ కాగితం మీద కాదనకపోతే అందరూ ఔనన్నట్టే లెక్క. దీన్ని చిల్లర పనులకే వాడాలని నిబంధనల్లో ఎక్కడా లేదని ఇరవై రెండేళ్లుగా మండలి రిజిస్ట్రారుగా చేస్తున్న గడియారమ్మే కనిపెట్టింది. మండలి అధ్యక్షురాలి చెవిన వేసింది. ఆవిడ మూడు రోజులు ఆలోచించి, పెద్దాయన ఓటు రద్దును సోమవారం నాడు మౌనపు కాగితంగా పంపేసింది. భవనమంతా నవ్వింది. అభ్యంతరం గారు ఒక్క లైను రాసి పంపితే చిత్తుకాగితమైపోయేదానికి ఇంత హడావుడి దేనికని క్యాంటీన్‌లో జోకులు వేసుకున్నారు. నిజానికి గడియారమ్మ మనసులోనూ అదే ఉంది. మునిగిపోయే మనిషికి ఏది దొరికితే అది పట్టుకోవడమే కదా.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికే ఆవిడ ఆఫీసులో ఉంది. కాగితాలు తీసుకునే కౌంటరు దగ్గరికి మాత్రం వెళ్లలేదు. ఇందులో ఉన్న జడ్జి నా తోడబుట్టింది కాబట్టి ఈ వ్యవహారంలో నేను వేలు పెట్టను అని సోమవారమే రాసిచ్చి, కౌంటరు మొత్తం సహాయకుడికి అప్పగించేసింది. ఆయన్ని అందరూ ముద్రల మావయ్య అంటారు. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. వచ్చిన కాగితాన్ని మిషన్లో పెట్టి పిడి లాగితే తేదీ, టైము పడతాయి. ముప్పై ఏళ్లుగా ఆ పిడి లాగి లాగి ఆయన కుడి భుజం ఎడమ భుజం కన్నా కాస్త కిందికి దిగింది.

గడియారమ్మ గది తలుపు తెరిచిపెట్టుకుంటే వరండా చివర ఆ కౌంటరు కనిపిస్తుంది. గడియారమ్మ ముందున్న ఫైలులో ఒకే పేజీని పదిసార్లు చదివింది. తొమ్మిదయింది, పదయింది. ఎవరో వచ్చారని తల ఎత్తితే, ద్వీప రాజ్యం వాళ్లు వచ్చేనెల సమావేశానికి కుర్చీలు అడగడానికొచ్చారు. పదకొండయింది. అభ్యంతరం గారి జాడ లేదు. ఈ మనిషి కావాలనే ఆఖరి నిమిషందాకా ఆగి నా ప్రాణం తోడుతున్నాడని తిట్టుకుంది. పదకొండూ యాభై అయింది. ఆశ పెట్టుకోకూడదని పొద్దుటి నుంచీ తనకు తాను చెప్పుకుంటూనే ఉంది. మనసు వింటేగా.

పన్నెండు కొట్టింది. ముద్రల మావయ్య రిజిస్టరులో ఎర్ర సిరాతో అడ్డగీత గీసి, సంతకం పెట్టి, కౌంటరు కిటికీ చెక్క దించాడు. గీత పైన ఒక్క అక్షరం లేదు. గడియారమ్మ లేచి నిలబడబోయి మళ్లీ కూర్చుంది. కళ్లు తుడుచుకుంది. సరిగ్గా అప్పుడే మెట్ల మీద బరువైన అడుగులు దడదడమని వినిపించాయి.

అభ్యంతరం గారు ఎప్పుడూ ఇస్త్రీ నలగని మనిషి. ఇవాళ కోటు గుండీ ఒకటి వేరే కాజాలో ఉంది, మొహమంతా చెమట. చేతిలో కాగితంతో కౌంటరు చెక్క మీద దబదబా బాదాడు. మావయ్య చెక్క ఎత్తి, కాగితం అందుకుని, మిషన్లో పెట్టి పిడి లాగాడు. పన్నెండు గంటల ఏడు నిమిషాలని పడింది.

"ఇదేంటయ్యా?"

"టైమండీ."

"అది నాకూ కనిపిస్తోంది. కాస్త వెనక్కి తిప్పి ఇంకో ముద్ర వెయ్యి." గొంతు తగ్గించి, "నువ్వు మన రాజ్యం వాడివేగా," అన్నాడు.

"అవునండీ. ఇల్లు, అన్నదమ్ములు, అందరూ అక్కడే."

"మరి ఆలోచించుకోవద్దూ?"

మావయ్య నిజంగానే ఒక క్షణం ఆలోచించాడు. తన గదిలోంచి చూస్తున్న గడియారమ్మకు ఆ క్షణం చాలా పొడుగ్గా అనిపించింది. "నేను మన రాజ్యం వాణ్నే గానీ, ఈ ముద్ర మన రాజ్యానిది కాదండీ. పన్నెండు రాజ్యాలదీను," అని కాగితాన్ని జాగ్రత్తగా రెండు చేతులతో తిరిగిచ్చేశాడు.

అభ్యంతరం గారు అక్కడ ఆగలేదు. విసవిసా అధ్యక్షురాలి గదిలోకి వెళ్లాడు. రిజిస్ట్రారును రమ్మని కబురొచ్చింది. గడియారమ్మ నిబంధనల పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లింది.

అధ్యక్షురాలు ద్వీప రాజ్యపు మనిషి. ఒకప్పుడు రేవులో పెద్ద ఓడలకు దారి చూపించే పని చేసింది. గట్టిగా మాట్లాడే అలవాటు లేదు. "కూర్చోండి ఇద్దరూ. రిజిస్ట్రారు గారూ, నియమం ఏమంటోంది?" అంది.

"గడువు దాటి వచ్చిన కాగితం రానట్టే అంటోందండీ."

"అమ్మా, ఏడు నిమిషాలు. అడుగడుక్కీ ట్రాఫిక్. ఏడు నిమిషాల కోసం ఒక రాజ్యం ఓటు పీకేస్తామా?" అని, అభ్యంతరం గారు గడియారమ్మ వైపు వేలు చూపించాడు. "అయినా ఈవిడగారిని అడగడమేంటి? అక్కడ వరండాలో కూర్చుంది ఈవిడ సొంత అక్క. ఇదంతా ఇంటి వ్యవహారం."

గడియారమ్మకు ఒళ్లు మండింది. మండినా గొంతు పెంచలేదు. "ఆ సంగతి సోమవారమే రాసిచ్చానండీ. మీకూ కాపీ పంపాను. అందినట్టు సంతకం పెట్టింది మీరే. పొద్దుటి నుంచీ కౌంటరు ముట్టుకోలేదు. ముద్ర వేసింది మీ రాజ్యం మనిషి. ఆయన్నేమన్నా అనగలరేమో చూడండి," అంది.

అధ్యక్షురాలు కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. గడియారమ్మ ఆవిడ మొహం చూసింది. ఆవిడ మెత్తబడుతోందని అర్థమైంది.

"రెండేళ్ల కిందట మా ద్వీపం చుట్టూ చేపల వేట హద్దు తగ్గించే ప్రతిపాదన ఇలాగే మౌనపు కాగితంగా తిరిగింది. నేనప్పుడు రాయబారిని. లిఫ్టు చెడిపోతే మూడంతస్తులూ పరుగెత్తుకుంటూ ఎక్కాను. తొమ్మిది నిమిషాలు ఆలస్యం. మీకు గుర్తుందా?" అని అభ్యంతరం గారిని అడిగింది.

ఆయన తల అడ్డంగా ఆడించబోయి ఆపేశాడు.

"తొమ్మిది నిమిషాలు మన్నిస్తే రేపు తొమ్మిది రోజులూ మన్నించాలన్నారు మీరు. అది మండలి రికార్డులో ఉంది. ఆ కాగితం నా చేతికి తిరిగిచ్చింది," అని గడియారమ్మ వైపు తిరిగింది, "ఈవిడే. నా మొహం కూడా చూడలేదు."

"చూస్తే ముద్ర వేసేస్తానేమోనని భయమేసిందండీ," అంది గడియారమ్మ. ఆ మాట రెండేళ్లుగా ఆవిడ ఎవరితోనూ అనలేదు.

అధ్యక్షురాలు నెమ్మదిగా అంది. "ఆలస్యంగా వచ్చినవాళ్ల బాధ నాకు తెలుసు. ఇవాళ కాదంటే కసి తీర్చుకుందంటారు. అదీ తెలుసు. అందుకే ఒక్క ప్రశ్న అడుగుతాను. నాలాగా లిఫ్టు చెడిపోయిందా, దారిలో ఏదైనా ప్రమాదమా, చెప్పండి, ఆలోచిస్తాను. ఈ కాగితం ఎప్పుడు రాశారు?"

"మంగళవారమేనమ్మా. అంతా సిద్ధం."

"మంగళవారం రాసిన కాగితం శుక్రవారం దాకా ఎక్కడుంది?"

"సంతకం కావద్దూ మరి."

"మీ సంతకం చాలు కదా. రాయబారి సంతకం పెడితే చాలని నియమం."

"రెండు నెలల కిందటి దాకా చాలేది," అనేశాడు అభ్యంతరం గారు. అన్నాక నాలుక కరుచుకున్నాడు గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది. ఇక దాచి లాభం లేదనుకున్నాడో, నాలుగు రోజులుగా దిగమింగుకున్నది ఒక్కసారిగా బయటికొచ్చిందో, కుర్చీలో వాలిపోయి మొత్తం చెప్పేశాడు. రాయబార కార్యాలయాల నుంచి ఒక్క కాగితం కూడా తన సంతకం లేకుండా బయటికి పోకూడదని చిన్నాయన రెండు నెలల కిందట ఉత్తర్వు వేశాడు. నమ్మకం ఎవరి మీదా లేక వేసిన ఉత్తర్వది. ఈ వారమంతా ఆయన నిలువెత్తు బొమ్మ గీయించుకుంటున్నాడు. కదిలితే బొమ్మ చెడిపోతుందని చిత్రకారుడు అన్నాడట. లోపలికి ఎవరొచ్చినా ఊరుకోనని ఆయన అన్నాడట. గది బయట పద్నాలుగు మంది ఆఫీసర్లు, ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి ఫైలు మార్చుకుంటూ మూడు రోజులు నిలబడ్డారు. తలుపు తట్టే ధైర్యం ఒక్కడికీ లేకపోయింది.

"ఇవాళ పదకొండున్నరకి రంగులు అయిపోయాయని చిత్రకారుడు బయటికొస్తే, ఆ సందులో దూరి సంతకం పెట్టించారమ్మా. అది ఫ్యాక్స్‌లో నా దగ్గరికొచ్చేసరికి పావు తక్కువ పన్నెండు."

అధ్యక్షురాలు నవ్వకుండా ఉండడానికి చాలా ప్రయత్నించింది. గడియారమ్మ అయితే ప్రయత్నించనే లేదు. నిన్న సాయంత్రం నుంచీ ఆపుకున్న ఏడుపంతా నవ్వుగా బయటికొచ్చింది. నాలుగుసార్లు ఒక్క చెయ్యెత్తి పదకొండు రాజ్యాలను ఆపినవాళ్లు, తమ నాయకుడి తలుపు తట్టలేక ఓడిపోయారు.

"నిన్న పొద్దున్నే మీరు సంతకం పెట్టి పంపి ఉంటే నేను చెయ్యగలిగింది ఏమీ లేదు," అంది అధ్యక్షురాలు. "మిమ్మల్ని ఆపింది ట్రాఫిక్ కాదు, మా గడియారమూ కాదు. మీ భయం. దానికి మా నియమాల్లో మన్నింపు లేదండీ." కలం తీసి తీర్మానం మీద సంతకం పెట్టింది. పక్కనే టైము వేసింది.

అభ్యంతరం గారు లేచాడు. ఇప్పుడాయన్ని చూస్తే గడియారమ్మకు కోపం రాలేదు. "అక్కడ నేనేం చెప్పాలమ్మా?" అన్నాడు అధ్యక్షురాలితో.

"జరిగింది చెప్పండి."

"జరిగింది చెప్పే అలవాటు అక్కడ పోయి చాలా కాలమైందమ్మా," అని కోటు గుండీ సర్దుకుంటూ వెళ్లిపోయాడు.

కబురు ఎలా పాకిందో ఏమో, గడియారమ్మ వరండాలోకి వచ్చేసరికి మూడో అంతస్తు మొత్తం బయట నిలబడి ఉంది. టైపిస్టులు, కాపలావాళ్లు, పొద్దున కుర్చీలు అడగడానికొచ్చిన ద్వీపం వాళ్లు, అందరూ చప్పట్లు. సోమవారం క్యాంటీన్‌లో జోకులు వేసినవాళ్లే ఎక్కువ గట్టిగా కొడుతున్నారు. ఆవిడ నేరుగా ముద్రల మావయ్య దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుంది. "మావయ్యా, ఇక మీరు మీ ఊరెళ్లడం కష్టమవుతుందేమో," అంది. "రిటైరయ్యాక ఎక్కడుండాలా అని మీ అత్తయ్య ఎటూ తేల్చుకోలేకుండా ఉందమ్మా. తేలిపోయింది," అని ఆయన నవ్వేశాడు.

సంతోషంలోనూ ఒక ముల్లు గుచ్చుకోకపోలేదు. ఓటు పోయింది తన రాజ్యానిది. మండలిలో ఆ జెండా వెనక కుర్చీ ఇక చెయ్యెత్తినా లెక్కలోకి రాదు. చిన్నప్పుడు ఆ జెండాకు వందనం చేసిన చెయ్యే ఇవాళ ఇంత పని చేసిందని బాధపడింది. బాధపడి, మళ్లీ ఇదే రోజు వస్తే మళ్లీ ఇదే చేస్తాననుకుంది.

ఒకటిన్నరకు అక్కకు ఫోను కలిసింది. వెనక పెద్ద గోల.

"ఏమే, చేశావన్నమాట," అంది అక్క.

"నేనేం చెయ్యలేదక్కా. కుర్చీలోంచి లేవనే లేదు. పోలీసాయన వచ్చాడా?"

"వచ్చాడు. అయిదింటికి రావాల్సినవాడు ఒంటిగంటకే వచ్చాడు. మీ తీర్మానం చేతిలో పట్టుకుని మూడుసార్లు చదివాడు. కొత్త జడ్జీలిచ్చిన వారెంటు ఇక పదకొండు రాజ్యాల్లో చెల్లదు, పాత న్యాయస్థానమే చెల్లుతుందని ఉందే, ఇందులో నా ఉద్యోగం ఏ వైపునుంది మేడమ్ అని నన్నే అడిగాడు. ఆలోచించుకో నాయనా అన్నాను. తాళం తీసి, సెల్యూట్ కొట్టి వెళ్లాడు. ఇప్పుడు నా గదిలో కూర్చుని మాట్లాడుతున్నానే. బల్ల మీద దుమ్ము చూస్తే నీకు తుమ్ములొస్తాయి."

గడియారమ్మ ముక్కు చీదింది. ఏడుస్తున్నావా అని అక్క అడిగితే జలుబు అంది. అక్కకు అబద్ధమని తెలుసు. నమ్మినట్టే ఊరుకుంది.

ఇంతలో అవతల గోల ఆగిపోయింది. "ఉండు, టీవీ పెట్టారు," అంది అక్క. ఫోనులోంచే పెద్దాయన గొంతు సన్నగా వినిపించింది. మన ఆత్మగౌరవం, పరాయివాళ్ల పెత్తనం, ఇలా నాలుగు మాటలయ్యాక అసలు మాట వచ్చింది. మేము ఈ సమాఖ్యలోంచి తప్పుకుంటున్నాం.

గడియారమ్మ సంతోషం ఆరిపోయింది. సమాఖ్యలోనే లేకపోతే సమాఖ్య తీర్మానం ఎవరికి కావాలి? ఇంత చేసీ సాయంత్రం అయిదుకు అక్క జైల్లోనే ఉంటుంది. "అక్కా, విన్నావా? వెంటనే అక్కణ్నుంచి బయల్దేరు. సరిహద్దు దాటెయ్," అంది.

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఒక నవ్వు. అక్క అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

"ఇరవై రెండేళ్లుగా ఆ ఒడంబడికను పక్కన పెట్టుకుని పనిచేస్తున్నావు, చివరి పేజీ ఎప్పుడైనా చదివావా? తప్పుకోవాలంటే, ఆ కోరిక మా రాజ్యాంగం ప్రకారమే ఉందని మా అత్యున్నత న్యాయస్థానం రాసివ్వాలి. అది లేకుండా పోతే పదకొండు సరిహద్దుల్లో ఒక్క లారీ కదలదు. ఆయన కొత్త జడ్జీలు రాసిస్తే మీ దగ్గర చెల్లదు. మధ్యాహ్నం నుంచీ చెల్లేది ఒక్కటే న్యాయస్థానం. దాని గుమ్మంలో ఇప్పుడు తాళం లేదే."

గడియారమ్మకు అర్థమయ్యేసరికి, అవతల ఎవరో హడావుడిగా గదిలోకి వచ్చారు. గుమాస్తా గొంతులా ఉంది. "అమ్మా, పెద్దాయన ఆఫీసు నుంచి ఫోన్లో ఉన్నారు. ఒక కాగితం మీద మీ సంతకం కావాలట. ఎవరిని పంపమంటారు, ఎప్పుడు పంపమంటారు అని అడుగుతున్నారు."

గద్దెనెక్కిన పదకొండేళ్లలో ఎవరినీ ఏదీ అడగని పెద్దాయన అడుగుతున్నాడు. గడియారమ్మ ఫోను చెవికి మరింత గట్టిగా ఆనించుకుంది.

"ఎవరినీ పంపొద్దని చెప్పండి," అంది అక్క, కోర్టులో తీర్పు చదివే గొంతుతో. "సోమవారం పదింటికి ఆయన్నే రమ్మనండి. తలుపులు తెరిచే ఉంటాయి, జనమంతా ఉంటారు. ఎందుకు వెళ్లాలనుకుంటున్నారో నా ముందు నిలబడి వాళ్లకు చెప్పమనండి."